కావాలంటే ముందు వద్దని వాదించు

మొన్న చెన్నైలో, అంబత్తూరులో పాత కార్లు అమ్మే ఒక యార్డుకు వెళ్ళాను. కారు తలుపు తీయగానే మల్లెపూల సెంటు గుప్పున కొట్టింది. రేకుల షెడ్డు కింద, మిట్టమధ్యాహ్నపు వేడికి ఆ పరిమళం ఉడికిపోయి ఉంది. దాని వెనక నక్కి నక్కి ఇంకో వాసన, తడిసి సరిగా ఆరని గోనెసంచి వాసన. ముందు సీట్లో కూర్చుని బెల్టును చివరిదాకా బయటికి లాగాను. అంతదూరం ఎవరూ లాగరు కనుక అక్కడ ఎవరూ తుడవరు. కొసన బురద చార ఎండి, గోధుమరంగు అంచు కట్టి ఉంది. వరదలో మునిగిన బండి. వాన గట్టిగా పట్టిన ప్రతి ఏడాదీ ఈ ఊళ్ళో కార్లు మునుగుతాయి. కొన్నాళ్ళకు అవే స్నానం చేసి, సెంటు పూసుకుని, పెళ్ళిచూపులకు కూర్చుంటాయి.

"డాక్టర్ గారి బండి మేడమ్. ఒకే ఓనరు" అన్నాడు అమ్మే అతను.

"ఆ డాక్టరు ఇందులో కూర్చుని చేపలు పట్టేవాడా?" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. నా చెవిలో ఒక గొంతు పలికింది: "పూల వాసన మరీ ఎక్కువొస్తా ఉంటే ఆడ పీనుగుండాదని లెక్క, అమ్మణ్ణీ." ఆ గొంతు వసుంధర మేడమ్‌ది. పోయిన ఆషాఢంలో ఆమె చనిపోయింది. అయినా నేనేదైనా కొనబోతే ముందుగా వచ్చి నిలబడేది ఆమే.

నేను కారు వెతుకుతున్నది సరదాకు కాదు. మా ఆయన భాస్కర్‌కు వెన్నులో గడ్డ తీసేశారు. ప్రాణం దక్కింది, నడుము కింద పట్టు పోయింది. మా చిన్న ఎర్ర కారు నేలకు ఆనుకున్నట్టుంటుంది. అందులోకి ఆయన్ను దించడం ఒక యుద్ధం, బయటికి తీయడం ఇంకో యుద్ధం. చక్రాల కుర్చీ దాని డిక్కీలో పట్టదు. ఫిజియోథెరపీకి వెళ్దామంటే ఆటోవాళ్ళు కుర్చీని చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతారు. ఎత్తయిన సీటు, వెడల్పుగా తెరుచుకునే తలుపు, వెనక కుర్చీ పట్టేంత చోటు ఉన్న పెద్ద కారు, మధ్యలో ప్రాణం తీయనిది, పాతదైనా సరే కావాలి. కానీ చిన్న కారు అమ్ముతానంటే ఆయన వినడు. అది ఆయన నడిపిన కారు. దాన్ని అమ్మడమంటే ఇంక నడపనని ఒప్పుకోవడం. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

వసుంధర మేడమ్ నా మొదటి బాసు. బీకాం పట్టా చేతబట్టుకుని, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసులో, అంబత్తూరు ఎస్టేటులో పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. కొనుగోళ్ళ విభాగానికి ఆమె పెద్ద. ఉత్తర చెన్నైలో తరతరాలుగా పప్పులు, మిరపకాయలు టోకున అమ్మిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఆడపిల్ల అంగట్లో కూర్చోకూడదని వాళ్ళ నాన్న శాసనం. మేడ మీది కిటికీలోంచి కింద జరిగే బేరాలన్నీ వింటూ పెరిగిందట. అంగడి ఆమె తమ్ముడికి వచ్చింది, బేరం ఆమెకు వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "వచ్చినోళ్ళంతా నా మాటకు సరే అన్నారు. సరే అనేవాడితో కాపురమేంది, గోడతో మాట్లాడుకోవచ్చు గదా" అనేది.

చేరిన కొత్తలో ఒక రోజు, మా గదికి ఎయిర్ కూలర్ కావాలని అడిగాను. పైన రేకులు, పక్కన కొలిమి.

"కావాలా? అట్టయితే వద్దని వాదించు" అంది.

"అదేంటి మేడమ్, అడుగుతున్నది నేను కదా?"

"అందుకే. కావాలనేదానికి ఆశ చాలు. వద్దనేదానికే బుర్ర కావాల. నేను నీ పక్క మాట్లాడతా, నువ్వు నామింద పోట్లాడు. నువ్వు ఓడిపోతే కొందాం."

భోజనాల వేళ టిఫిన్ డబ్బాలు తెరిచి పెట్టుకుని వాదించుకున్నాం. ఆమె నా చెమట గురించి, నా టైపింగు తప్పుల గురించి కరిగిపోయేట్టు మాట్లాడింది. నాకు పంతం పుట్టింది. కూలర్ వల్ల గదిలో తేమ పెరుగుతుందని, శాంపిళ్ళు తుప్పు పడతాయని ఎక్కడెక్కడి నుంచో తవ్వి తెచ్చి ఆమెను నోరెత్తనివ్వలేదు. గెలిచాను. ఆ ఎండాకాలమంతా కూలర్ లేకుండా ఉడికిపోయాం. నేను కాగితంతో విసురుకున్నప్పుడల్లా, "గెలిచినావు గదా, అనుభవించు" అనేది. ఆమె కూడా చెమటలు కక్కుతూనే అనేది.

ఇంకోసారి తిరువొత్తియూరులో మూతపడుతున్న ఒక ఫ్యాక్టరీకి ప్రెస్ మిషను చూడ్డానికి తీసుకెళ్ళింది. ఆ యజమాని మిషనును పొగిడాడు, పొగిడాడు, మాకు టీ తెప్పించి మళ్ళీ పొగిడాడు. ఆమె టీ తాగి, "బాగుండాది. ఇంక దీని దోషం ఒక్కటి చెప్పండి" అంది. ఆయనకు కోపం వచ్చింది. దోషమే లేదన్నాడు. ఆమె చేతిసంచి తీసుకుని లేచింది. మేము గేటు దాటబోతుండగా ఆయన వెనకనుంచి, "వానాకాలం వస్తే మొండికేస్తుంది. పొద్దున్నే నాలుగు తిట్లు తింటే గాని కదలదు, పాడుముండ" అని అరిచాడు. అరిచి, ఆ మిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమె వెనక్కి వచ్చి కొనేసింది.

తిరుగు రైల్లో నేను ఊరుకోలేదు. "పొగిడితే లేచి వస్తారు, తిడితే కొంటారు. ఇదేం వ్యాపారం?"

"పొగిడేవాడు చుమ్మా, ఊరికే చూసిపొయ్యేవాడు. తిట్టినోడు దాంతో కాపురం చేసినోడు. నీకు పెళ్ళయితే తెలస్తాదిలే."

పెళ్ళయింది, తెలిసింది. భాస్కర్‌ను మొదటిసారి ఆమె దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ముందే "ఈయనలో ఒక దోషం చెప్పు" అంది. నేను ఆలోచించకుండా ఒక వరస చదివాను. "బాగుండాది, చేసుకో" అంది. ఆ తరువాత మా ఇంట్లో ఫ్రిజ్ నుంచి అమ్మాయి కాలేజీ దాకా ఆ పద్ధతిలోనే తేలేవి. ప్రతిసారీ ఓడిపోయి, "నేను నిన్ను చేసుకున్నానా, మీ మేడమ్‌నా?" అని ఆయన గొణిగేవాడు.

ఆమె రిటైరైన కొన్నేళ్ళకు మతిమరపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తరువాత మనుషులు పోయారు. భాస్కర్ ఆపరేషన్ అయ్యాక, డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పవలసింది చెప్పాక, నేను తిన్నగా వసుంధర మేడమ్ తమ్ముడి ఇంటికి వెళ్ళాను. నాకు ఓదార్పు అక్కర్లేదు. నన్ను ఎవరైనా కూర్చోబెట్టి తిట్టాలి. ఏం చేస్తావో చెప్పు, ఎట్ట చేస్తావో చెప్పు అని నిలదీయాలి. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గంజి పెట్టిన నేతచీరలు తప్ప కట్టని మనిషికి ఎవరో నైటీ తొడిగారు. మరదలు గిన్నెలో జావ తెచ్చి "తాగుతారా వదినా?" అంటే "సరే" అంది. "తరువాత తాగుతారా?" అంటే దానికీ "సరే" అంది. ఆ ఇంట్లో అందరూ ఆమెతో మెత్తగా, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. అంత మెత్తదనం ఆమె జీవితంలో ఎన్నడూ ఎరగదు.

చెయ్యి పట్టుకుని, "మేడమ్, మా ఆయన మళ్ళీ నడుస్తాడు" అన్నాను. అబద్ధం. వెనకటి వసుంధర మేడమ్ ఆ వాక్యాన్ని ముక్కలు చేసి నా ఒళ్ళో పోసేది.

"సరే అమ్మా" అంది.

"ఇంక నడవడు మేడమ్" అన్నాను.

"సరే అమ్మా" అంది, అదే చిరునవ్వుతో.

ఆమె చనిపోయినప్పుడు నేను పెద్దగా ఏడవలేదు. నా ఏడుపు ఆ రోజే వాళ్ళింటి మెట్లు దిగుతూ అయిపోయింది.

మల్లెపూల కారును వదిలేసి యార్డు నుంచి వచ్చాక, ఇంకా కొన్ని బళ్ళు చూశాను. అందరూ పొగిడేవాళ్ళే. దోషం అడిగితే ఒకడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చివరికి పెరంబూరులో మా వీధి వెనకే ఒక కారు ఉందని తెలిసింది. రిటైరైన టీచరు సరోజగారిది. తమిళులు. తెల్లటి పెద్ద కారు, సీటు సరిగ్గా చక్రాల కుర్చీ ఎత్తులో ఉంది. ముందు తలుపు పైన పట్టుకోవడానికి అదనంగా ఒక కడ్డీ బిగించి ఉంది. ఇంజను చప్పుడు శుభ్రంగా ఉంది. నా మెకానిక్కు తలూపాడు. ఇంత మంచి బండి ఇన్నాళ్ళు ఎందుకు మిగిలిందో నాకు అర్థం కాలేదు.

"ఇందులో దోషం ఏమిటి?" అని తమిళంలో అడిగాను.

ఆమె తడుముకోలేదు. "నంబరు కూడితే ఎనిమిది వస్తుంది. శని నంబరని అందరూ చూసి వెళ్ళిపోతున్నారు. వెనక ఏసీ అంతంత మాత్రం." ఆగి, కడ్డీ వైపు చూసింది. "ఇంకోటి కూడా చెప్పాలి. ఇది మా ఆయన కోసం కొన్నది. ఆస్పత్రికి సుఖంగానే తీసుకెళ్ళింది. చివరిసారి నేనొక్కదాన్నే తిరిగొచ్చాను."

తిరువొత్తియూరు లెక్కన ఇలాంటి మాట వినగానే కొనేయాలి. నేను ఆ కడ్డీ పట్టుకుని నిలబడిపోయాను. చేతులు పట్టి పట్టి దాని రంగు ఒకచోట పోయి ఉంది. అక్కడే రేపు భాస్కర్ చెయ్యి పడుతుంది.

ఆ సాయంత్రం ఆయన ఎదుట స్టూలు వేసుకుని కూర్చున్నాను. "ఈ పూట తేల్చేద్దాం. మేడమ్ పద్ధతిలో. మీరు పెద్ద కారు తరఫున మాట్లాడండి. నేను చిన్నదాని తరఫున."

"ఆమె పొయినాక కూడా నన్ను వదల్లేదు" అన్నాడు.

నేనే మొదలుపెట్టాను. చిన్న కారు అమ్మకూడదన్నాను. వచ్చే ఏడాదికి మీరు లేస్తారు, మీ కాలికి అలవాటైన క్లచ్ అది, ఇంకోటి మీకు కుదరదన్నాను. బీచికి మీరే నడుపుతారు, నేను పక్కన కూర్చుని బ్రేకు బ్రేకు అని మీ ప్రాణం తోడతానన్నాను. వాదన మొదలుపెడితే ఆపడం నాకు చేతకాదు. ఎంత బాగా వాదించానంటే, ఒక క్షణం నేనే నమ్మాను.

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడు నా వంతు. పెద్ద కారే కొనాల. ఎందుకంటే నేను నడవను. నన్ను ఎత్తి దించి నీ నడుము పొయింది. నేను నిద్ర పొయినాననుకుని మూలగతా ఉండావు."

"ఇది వాదనకే అంటున్నారా?"

"డాక్టరు వరండాలో నీకేం చెప్పినాడో నాకు తెలుసు."

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే. ఆ పొద్దు నుంచి నాతో పోట్లాడడం మానేసినావు. కూరలో ఉప్పెక్కువంటే సరే అంటావు. ఫ్యానొద్దంటే సరే అంటావు. ఇన్నేళ్ళలో నువ్వెప్పుడన్నా నాకు సరే అన్నావా? నేను అప్పుడే పొయినట్టు చూస్తా ఉండావు గదా లలితా."

వాదనల మీద బతికినదాన్ని. ఆయన కింద పెట్టిన గ్లాసు తీసుకున్నాను. మాట మార్చడానికి, "దాని నంబరు కూడితే ఎనిమిది. మీ అక్కయ్య కారెక్కదు" అన్నాను.

"శని గదా? రమ్మను. ఈడ ఇంక ఆయనకు పనేముండాది? ముందే వచ్చి చేసి పొయినాడు."

ఇద్దరం నవ్వాం. తరువాత ఇద్దరిలో ఎవరు ముందు నవ్వు ఆపారో, ఎవరి ఏడుపు ముందో చెప్పలేను.

చిన్న కారు కొనడానికి ఒక కొత్త జంట వచ్చారు. భాస్కర్ తన కుర్చీని గేటు దాకా తోయించుకుని, దాని దోషాలన్నీ వాళ్ళకు తానే చెప్పాడు. వానలో మొదటిసారి స్టార్టు కాదు, రెండో గేరు మొరాయిస్తుంది, కుడి అద్దం సగమే దిగుతుంది. ఆ అబ్బాయి బెదిరిపోయి భార్య వైపు చూశాడు. "భయం లేదు బాబూ, మంచి బండి" అని నేను చెప్పవలసి వచ్చింది. కారు మలుపు తిరిగాక ఆయన లోపలికి తోయమనలేదు. నేనూ తోయలేదు.

ఎనిమిది నంబరు కారు బాగానే నడుస్తోంది. నమ్మకమైన బండి. దాని వల్ల ఆయన కాళ్ళలో కదలిక వచ్చిందని రాయడానికి నాకేమీ లేదు. రాలేదు. రాదు. వారం వారం వెళ్తాం, వస్తాం. వసుంధర మేడమ్ నాకు నేర్పింది కొనడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పోట్లాటలో ప్రేమ ఉందనీ, గౌరవం ఉందనీ ఆమె ఎప్పుడూ అనలేదు. అలాంటి మాటలంటే ఆమెకు ఒళ్ళుమంట. ఎదుటి మనిషి ఇంకా అక్కడ ఉన్నాడా లేదా అని తట్టి చూసే పద్ధతి మాత్రం నాకు అంటించి పోయింది. ఇప్పుడు నాకు మిగిలిన పని అదే.

నిన్న ఫిజియోథెరపీ నుంచి వస్తూ పెరంబూరు వంతెన ఎక్కాం. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. "ఏసీ తగ్గించనా?" అని అడిగాను.

"ఏదో ఒకటి చెయ్" అన్నాడు.

బండి ఎడమ పక్కకు తీసి, వంతెన మీదే ఆపేశాను. "ఏదో ఒకటేంటి? చలేస్తోందా, ఉక్కపోస్తోందా? చెప్పండి" అని అరిచాను. ఆయన కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. వెనక బస్సు హారను కొట్టింది. ఒక బైకతను మా కిటికీ దగ్గర ఆగి తమిళంలో మా వంశమంతా తలుచుకుని వెళ్ళాడు. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. వెనక ఇంకో హారను, ఇంకోటి.

"ముందు బండి తియ్యవే, నీకేమన్నా పిచ్చా? ఊరంతా తిడతా ఉండారు" అన్నాడు చివరికి, మొహం చిట్లించి, పళ్ళు కొరుకుతూ.

గేరు వేశాను.