సున్నా నంబరు సందేశాలు

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. మాది డోన్. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఫ్యాక్టరీ మొత్తానికి లినక్స్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి అందరికీ తెలియాలన్న దురద కూడా నాకు కాస్త ఉండేది.

సున్నపురాయిని కాల్చే పెద్ద బట్టీని మేం కిల్న్ అనేవాళ్లం. దాని ఫ్యాన్ల బేరింగులు ఎంత వేడెక్కాయో కొలిచే సెన్సర్లుండేవి. ఆ అంకెలు ఒక కార్డు ద్వారా కంట్రోల్ రూములోని కంప్యూటరుకు రావాలి. ఆ కార్డుకు లినక్స్‌లో డ్రైవర్ లేకపోతే నేనే రాశాను. డ్రైవర్ అంటే కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో కూర్చుని పనిచేసే కోడు. అక్కడి నుంచి అది మనకు ఏదైనా చెప్పాలంటే సందేశం రాయాలి, ప్రతి సందేశానికీ ముందు ఒక స్థాయి పెట్టాలి. సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది స్థాయిలు. సున్నా అంటే ఎమర్జెన్సీ, మిషను చచ్చిపోతోందని. ఏడు అంటే కోడు రాసినవాడు తన కోసం పెట్టుకున్న గుర్తు.

నేను అన్నిటికీ సున్నా పెట్టాను. కారణం బద్ధకం. సున్నా స్థాయి సందేశం ఎవరు ఏ తెర ముందున్నా అక్కడికొచ్చి పడుతుంది. కోడు పరీక్షించేటప్పుడు సందేశాలన్నీ నమోదయ్యే లాగ్ ఫైలు తెరిచి వెతుక్కునే పని లేకుండా అన్నీ కళ్ల ముందుకే వచ్చేవి. పని అయ్యాక సరిచేద్దామనుకున్నాను. పని అయింది, మేనేజరు భుజం తట్టాడు, నేను మరిచిపోయాను.

కంట్రోల్ రూములో పగటి షిఫ్టు ఆపరేటరు నాకంటే పదేళ్లు పెద్ద. ఆలూరు వైపు పల్లె, వానను నమ్ముకున్న నాలుగెకరాలు. ఆదివారం షిఫ్టు పడితే చర్చికి పోవడం కుదరదని మొహం ముడుచుకునేవాడు, అయినా ఒక్కరోజూ డ్యూటీ మానలేదు. అంతకుముందు నాపరాళ్ల గనిలో పనిచేశాడు. ఇక్కడ ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఆ ఏడు పర్మనెంటు చేసే జాబితాలో అతని పేరు ఉందని అందరికీ తెలుసు.

డ్రైవర్ ఎక్కించిన మొదటి వారం రోజుకు పదిసార్లు ఫోన్ చేశాడు. సెన్సరు జవాబు అర సెకను ఆలస్యమైతే ఎమర్జెన్సీ. కార్డు తనను తాను సరిచూసుకుంటే ఎమర్జెన్సీ. అంతా బాగుందని చెప్పడానికి కూడా ఎమర్జెన్సీనే. ఈ అక్షరాలన్నీ అంకెల పట్టిక మీద పడి ఏదీ కనిపించేది కాదు. ఒకరోజు విసుగొచ్చి, పోయి కీబోర్డు మీద కంట్రోల్, ఎల్ మీటలు కలిపి నొక్కడం నేర్పించాను. నొక్కితే తెర శుభ్రమై పట్టిక మళ్లీ వస్తుంది. ఇవి పడినప్పుడల్లా అట్లా నొక్కు, నన్ను పిలవొద్దన్నా అని చెప్పి వచ్చాను.

చెప్పినట్టే చేశాడు. నెల తిరిగేసరికి అతని వేళ్లు వాటంతటవే ఆ మీటల మీదికి పోయేవి. టీ తాగుతూ, పక్కవాడితో మాట్లాడుతూ తుడిచేసేవాడు. మా అన్నకు ఈగలు తోలడం బాగా వచ్చిందని నేనే ఎగతాళి చేశాను.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం పెద్ద ఫ్యాను బేరింగు దగ్గర సెన్సరు వైరు తెగింది. నా డ్రైవర్ ఆ సంగతి చెప్పింది, సున్నా స్థాయిలో, మిగతా చెత్తతో పాటే. అతను తుడిచేశాడు. పట్టికలో పాత అంకె అట్లాగే నిలబడింది, ఎందుకంటే సెన్సరు పలకకపోతే చివరి అంకెనే చూపించేట్టు రాసిందీ నేనే. బేరింగు కాలిపోతున్నా తెర మీద అంతా చల్లగానే ఉంది. ఫ్యాను పట్టేసి కిల్న్ ఆగిపోయింది. మళ్లీ నడవడానికి రెండు రోజులు పట్టింది.

మరుసటి రోజు మేనేజరు గదిలో విచారణ. లాగ్ ప్రింటు తీసుకుపోయింది నేను. మేనేజరు ఆ వరుస మీద వేలు పెట్టి, ఎమర్జెన్సీ అని ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకు తుడిచావని అడిగాడు. అతను తల వంచుకుని, "చూసుకోలేదు సార్" అన్నాడు. నేను కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను. భయమేసింది. ఆ వరుసకు పైనా కిందా పేజీ నిండా ఎమర్జెన్సీలే. మేనేజరు వేలు కాస్త పైకో కిందికో జరిపి ఉంటే నా బండారం బయటపడేది. ఆయన జరపలేదు.

ఆ వారమే కోడు సరిచేయడానికి కూర్చున్నాను. అతన్నే పక్కన కూర్చోబెట్టుకున్నాను, ఏ సందేశానికి ఏం చేయాలో తెలిసినవాడు అతనే కాబట్టి. మాటల్లో గని సంగతి చెప్పాడు. అక్కడ మందు పేల్చే ముందు విజిల్ వేస్తారు. ఆ విజిల్ ఇంక దేనికీ వేయకూడదు. కూలీలను అన్నానికి పిలవడానికి ఒకడు అదే ఊదితే మేస్త్రీ వాడి చెంప పగలగొట్టాడట.

"విజిలు ఇన్నాక ఎవురూ ఆలోచన చేయకూడదు సార్, ఉరకల్ల" అన్నాడు.

దాంతో నాకు పద్ధతి దొరికింది. ఒక్కో సందేశం చదివి, ఇది వస్తే ఏం చేస్తావన్నా అని అడిగేవాణ్ణి. ఉరుకుతానంటే పై స్థాయి. ఫోన్ చేస్తానంటే దాని కింద. బుక్కులో రాసిపెడతానంటే ఇంకా కింద. నాకెందుకు సార్ ఇది అన్నాడంటే ఏడు. సున్నా ఒక్కదానికీ దక్కలేదు, మిషను చచ్చిపోతోందని చెప్పే హక్కు నా కార్డుకు లేనే లేదు. ఉరకాల్సినవి మూడు తేలాయి, తెర మీదికి అవి మాత్రమే వచ్చేట్టు పెట్టాను. సెన్సరు పలకకపోతే పాత అంకెకు బదులు గీతలు పడేట్టు మార్చాను.

మేనేజరు వచ్చి చూసి, ఆపరేటరు తప్పు మళ్లీ జరగకుండా మంచి పని చేశావని నన్ను మెచ్చుకున్నాడు. అతను పక్కనే ఉన్నాడు. ఆ మెప్పు నాకు మింగుడుపడలేదు. రెండు రోజులు నాతో నేను కొట్లాడి, మేనేజరు దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. మీటలు నొక్కమన్నది నేను, అన్నిటికీ సున్నా పెట్టిందీ నేను అని. ఆయన, పర్మనెంటు జాబితా నిన్ననే హెడ్డాఫీసుకు పోయిందని, అతని పేరు కొట్టేసి పంపామని, ఇంక కదిలించొద్దని అన్నాడు. నాకు ఒక మెమో కూడా ఇవ్వలేదు.

అక్కణ్ణించి నేరుగా కంట్రోల్ రూముకు పోయాను. నిజం చెప్పేశానని, కానీ పేరు అప్పటికే తీసేశారని అతనికి చెప్పాను. అతను తెర మీంచి చూపు తిప్పలేదు.

"నేను చెప్పింటే సాకు అందురు సార్" అన్నాడు. "ఆ పొద్దు ఆ రూములో మీరే చెప్తారని నేను నోరు మూసుకుంటి."