కిటికీలో చెయ్యి

నా కుడి మణికట్టు ఇప్పటికీ కొంచెం వంకరే. చలికాలంలో మందుల పెట్టె ఎత్తితే సలుపుతుంది. విరిచిన మనిషి మీద కోపం ఎప్పుడో పోయింది. ఆ కిటికీ కట్టించిన మహానుభావుడు దొరికితే మాత్రం రెండు తగిలించకుండా వదలను.

మాది ఇల్లందు. బొగ్గుబాయిలో పని చేసిన మనిషి కూతురిని, నోరు కాస్త పెద్దది. భద్రాచలం అడవి అంచున ఒక సర్కారు దవాఖానాలో ఫార్మసిస్టుగా చేరినప్పటి నుంచి ఆ కిటికీ వెనకే కూర్చున్నాను. దగ్గరి అల్లిక ఇనుప జాలీ, దాని అడుగున చెయ్యి పట్టేంత కంత. చీటీ లోపలికి, మాత్రలు బయటికి. వచ్చినవాళ్ల ముఖం మాకు కనిపించదు, మా ముఖం వాళ్లకు కనిపించదు. కుర్చీలోంచి లేవకుండా "లేదు, బయట తెచ్చుకో" అని తోలెయ్యడానికి అంతకంటే సుఖమైన ఏర్పాటు ఉంటుందా?

ఆ వానాకాలం మధ్యాహ్నం నేను డ్యూటీ ఎక్కి కిటికీ తెరిచానో లేదో, కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది. చీటీ అందుకోబోయాను. ఆ చెయ్యి చీటీ వదిలేసి నా మణికట్టు పట్టుకుని గుంజింది. మోచేతి దాకా నా చెయ్యి బయటికి పోయింది. నుదురు జాలీకి కొట్టుకుని నెత్తురు కారింది.

"పాము మందు ఇయ్యి. నా ఇంటిది సచ్చిపోతాంది, ఇయ్యి!"

కింద పడిన చీటీ చూశాను. పాముకాటు ఇంజక్షన్లు. వార్డులో ఉన్నవి సరిపోలేదు, మిగతావి వెంటనే పంపమని డాక్టరమ్మ రాసింది. మందు నా వెనక ఫ్రిజ్‌లోనే ఉంది. తాళంచెవి నా నడుముకే ఉంది.

"ఉన్నదయ్యా! లోపలనే ఉన్నది! నువ్వు వదిలితేనే గదా నేను తెచ్చేది!"

"వదిల్తే కిటికీ మూస్తవ్. ఇందాక గట్లనే మూసిన్రు."

నా ఒళ్లు మండిపోయింది. నాకు ముందు డ్యూటీలో ఉన్న మా సహోద్యోగి ఫ్రిజ్ తీసి చూడకుండానే "లేదు" అని కిటికీ మూసేశాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి తాపీగా చాయ్‌కి పోయాడు. ఇప్పుడు నేను గొంతు చించుకుని "ఉన్నది" అంటే ఎవడు నమ్ముతాడు?

దవాఖానా గార్డు పరుగున వచ్చి లాఠీ ఎత్తాడు. "వదుల్తవా, సస్తవా!" అంటూ ఆ బయటి మనిషి వీపు మీద, భుజం మీద, వేళ్ల మీద కొట్టాడు. దెబ్బ పడ్డప్పుడల్లా ఆ పిడికిలి ఇంకా బిగిసింది. ప్రతి దెబ్బా నా ఎముకలో తెలిసింది. ఆఖరికి మణికట్టు పుటుక్కుమంది. కళ్లు బైర్లు కమ్మాయి.

"కొట్టకురా సన్నాసీ! నువ్వు కొట్టినకొద్దీ నా చెయ్యి ఇరుస్తాండు!" అని అరిచాను. గార్డు ఆగాడు. ఆ పట్టు మాత్రం సడలలేదు.

తలుపు గొళ్లెం నా పక్కనే ఉంది. ఎడమ చేత్తో తీశాను. బయటివాళ్లు లోపలికి రాకూడదని ఆ తలుపు మీద రాయించింది నేనే. గుమ్మం బయట బీపీ మాత్రల కోసం వచ్చిన ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"అవ్వా, లోపలికి రా! గీ తాళంచెవి తీస్కో. ఫ్రిజ్ తెరువు, పై అరలున్న డబ్బ నాకు సూపియ్యి. జల్దీ!"

ఆవిడ తెచ్చింది. పేరు చూసి "అదే" అన్నాను. ఆవిడ డబ్బాను జాలీకి ఆనించి, "ఇగో బిడ్డా, మందు! ఇడువు, ఆ తల్లి చెయ్యి ఇడువు!" అని ఏడ్చింది. అప్పుడు వదిలాడు. అవ్వ కంతలోంచి అందించిన డబ్బా తీసుకుని వార్డుకి పరిగెత్తాడు.

గోల విని మా సహోద్యోగి వచ్చాడు. "ఏమైంది మేడం? నేను స్టాక్ లేదనుకున్న గదా," అన్నాడు. ఎడమ చేత్తో చెంప పగలగొట్టాను. అలవాటు లేని చెయ్యే అయినా బాగానే తగిలింది.

పాము కరిచిన ఆమె బతికింది. నా చెయ్యి విరిచిన ఆమె మొగుడి మీద కేసు పెట్టమని మా దవాఖానా పెద్దసారు పట్టుబట్టాడు. "కేసంటూ పెడితే ముందు మన మీద పెట్టాలి సార్," అన్నాను. అయినా ఆయన జాలీ మందం పెంచి కంత ఇంకా చిన్నది చెయ్యమని వెల్డర్‌ని పంపాడు! కట్టు కట్టిన చేత్తోనే పోయి, జాలీ మొత్తం కోయించేశాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. ఆ రోజు నుంచి మా దగ్గర "లేదు" అనాలంటే లేచి, వచ్చినవాళ్ల కళ్లముందే అర తెరిచి చూపించాలి.

కొన్ని వారాల తర్వాత ఒక మనిషి భార్యతో వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. చీటీ చాపిన చెయ్యిని మాత్రం గుర్తుపట్టాను. లాఠీ దెబ్బకి ఒక వేలు వంగిపోయి ఉంది. నాకు తెలియకుండానే నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

అతను నా కట్టు చూశాడు. చీటీ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆమె చేతికియ్యి అమ్మా," అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. కాటు పడిన చోట చర్మం నల్లగా ఉంది. మాత్రలు ఆ చేతిలో పెట్టి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పాను.