గృహప్రవేశంలో చెప్పిన గోత్రం

రిసెషన్‌లో నా ఉద్యోగం పోయింది. మా ఆవిడ వీసా మీద డిపెండెంట్‌గా మారి, వంటా పిల్లా చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయాను. ఆ మరుసటి ఏడాదే ఆమె జీతం మీద నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నాం. తూర్పు వాకిలి కావాలని ఊరంతా గాలించింది నేనే.

ఇల్లు చేతికొచ్చే ముందు ఆమె నన్ను ఒక లాయర్ ఆఫీస్‌కి తీసుకెళ్లింది. రేపు మేం విడిపోతే ఆ ఇంట్లో నాకు వాటా ఉండదని రాసిన అగ్రిమెంట్ అక్కడ సిద్ధంగా ఉంది.

“తమ్ముడు జస్ట్ సేఫ్టీ కోసం ప్రిపేర్ చేయించాడు. మన మధ్య ఏం మారదు, సైన్ చేయండి,” అంది.

అడిగి ఉంటే నేనే రాసిచ్చేవాణ్ణి. రోజూ ఒకే కంచంలో తినే నాతో ఒక్క మాటైనా అనకుండా అక్కాతమ్ముళ్లే అంతా మాట్లాడుకున్నారు. సంతకం పెట్టాను.

గృహప్రవేశం రోజు పట్టుబట్టల్లో పీటల మీద కూర్చున్నాం. బావమరిది ఎదురుగా నిలబడి వీడియో తీస్తున్నాడు. అరోరా గుడి నుంచి వచ్చిన పంతులుగారు నా చేతిలో అక్షింతలు పోసి, “ఇంటి యజమాని గోత్రం చెప్పండి,” అన్నారు.

యజమాని అన్న మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలోని అక్షింతల వైపే చూస్తూ ఉండిపోయాను.

మా ఆవిడ మోచేత్తో పొడిచి, “చెప్పండి, అందరూ చూస్తున్నారు,” అంది మెల్లగా.

చెప్పాను. నా గోత్రం కాదు, ఆమె పుట్టింటి గోత్రం. బావమరిది కళ్లలోకి చూస్తూ మరీ చెప్పాను. అతని చేతిలోని కెమెరా మెల్లగా కిందికి దిగింది. ఆమె తల వంచుకుంది.

పంతులుగారికి పాపం ఏం తెలుసు. ఆ గోత్రంతోనే సంకల్పం చదివేశారు.