మోకాళ్ళ సన్యాసి గోడ

పంతొమ్మిదో ఏట, కెటిల్‌విక్ గొర్రెల ప్రదర్శనలో జరిగిన రాతిగోడల పోటీలో పదకొండు మంది మగవాళ్ళను ఓడించి మొదటి బహుమతి పట్టుకొచ్చింది హెస్టర్ ఆల్డర్సన్. అది 1973. అంతకుముందు రెండేళ్ళూ ఆమెది ఆఖరి స్థానమే. మూడో ఏడు పోటీ మధ్యలో బొటనవేలి గోరు ఊడిపోతే, గుడ్డపీలిక చుట్టుకుని, చీకటి పడకముందే రెండున్నర గజాలు కట్టింది. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి. ఆ గోడ మీద ఈనాటికీ గొర్రెలు వీపు రుద్దుకుంటున్నాయి.

ఆ తర్వాత ఆమె చేసినవి చెప్పాలంటే పొద్దు చాలదు. డెబ్భైతొమ్మిదిలో కురిసిన మంచుకు కూలిన మైలు పొడుగు కొండగోడను ఒక్క వసంతంలో నిలబెట్టింది. పాడుబడిన మఠం చుట్టూ ప్రహరీ ఎత్తింది. ఆమె కట్టిన గోడ ఈ లోయలో ఒక్కటీ పడలేదు. పడిందల్లా గ్రిమ్‌రిగ్ హాల్ అనే పాత దొరల బంగళా వెనక బీడులో కట్టినదే. అదీ మూడుసార్లు.

ఈ ఏడాది, 1983లో, ఆమెకు గోడపనిలో మాస్టర్ పట్టా రావాలి. పరీక్షాధికారి సెప్టెంబరు తొమ్మిదిన వచ్చి గ్రిమ్‌రిగ్ గోడను చూస్తాడు. గోడ నిలబడితే పట్టా. లేకపోతే ఇంకో రెండేళ్ళు ఎవడో ఒకడి కింద కూలిపని.

జూలైలో ఒక పొద్దున పోయి చూసేసరికి, ముందురోజు కట్టిన గోడలో రెండు గజాల మేర ఖాళీ. రాళ్ళు చెల్లాచెదురుగా లేవు. పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస, గోడ నెత్తిన పెట్టే పైరాళ్ళు విడిగా, గడ్డి మీద పొందిగ్గా పేర్చి ఉన్నాయి.

ఊరంతా ఒకటే మాట: మోకాళ్ళ సన్యాసి. వందల ఏళ్ళ కిందట, మఠాన్ని దోచడానికి వచ్చిన రాజుగారి మనుషులకు వెండిగిన్నెలు దాచిన చోటు చెప్పేసిన సన్యాసి అతను. చచ్చి దెయ్యమై, మఠం రాళ్ళతోనే కట్టిన హాల్‌కు మోకాళ్ళ మీద నడిచి వెళ్ళి, గిన్నెలు తిరిగి ఇమ్మని అడుగుతాడట. అందుకే అక్కడుండే పాతగోడ అడుగున మోకాలెత్తు కంత ఒకటి వదిలారు. హెస్టర్ దాన్ని చేతకానివాడి పని అనుకుని కొత్తగోడలో మూసేసింది.

ఆమెకు పని నేర్పిన ఈనక్ ఫాసెట్ మొదటిరోజే చెప్పాడు.

"కంత వదులు పిల్లా. మా నాన్న వదిలాడు, నేనూ వదిలాను."

"సన్యాసికి నేను తలుపు పెట్టాలా తాతా? గొళ్ళెం కూడా వెయ్యనా?" అని నవ్వింది.

మళ్ళీ కట్టింది. మళ్ళీ పడింది. రాళ్ళు మళ్ళీ వరసలోనే ఉన్నాయి. దెయ్యానికి రాయి సైజుతో ఏం పని? ఇది గోడపని తెలిసినవాడి చెయ్యి. కుర్రతనంలో నెల్లాళ్ళు గోడలు కట్టి పారిపోయిన డెరిక్ స్పెన్స్‌లీ గుర్తొచ్చాడు. ఇప్పుడతను సారాకొట్టు నడుపుతూ, యాత్రికులను వెంటేసుకుని దెయ్యం పని అంటూ ఆ ఖాళీని చూపిస్తున్నాడు. మధ్యాహ్నం కొట్టు నిండా జనం ఉండగా నిలదీసింది.

"నీ దెయ్యానికి నడుం నొప్పి రావట్లేదా డెరిక్ బాబూ, అన్ని రాళ్ళు మొయ్యడానికి?"

"నేనా? బీరు పీపా దొర్లించడానికే మా ఆవిణ్ణి పిలుస్తానమ్మా! నీ గోడ నిలవకపోతే సన్యాసిని తిట్టి, నన్ను తిట్టి ఏం లాభం? చేతులు చూసుకో!"

కొట్టంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వే ఆమెకు అనుమానం పెంచింది.

మూడోసారి కట్టినప్పుడు పైరాళ్ళ అడుగున, గొర్రెలకు గుర్తుపెట్టే ఎర్రరంగు పూసింది. అది సబ్బుకు లొంగేది కాదు. శనివారం గోడ పడింది. ఆదివారం ప్రార్థనామందిరం గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ కీర్తనల పుస్తకం తనే అందించింది. చాచిన ప్రతి చెయ్యీ చూసింది. డెరిక్ చేతులు పాలమీగడలా ఉన్నాయి. ఆఖరున ఈనక్ వచ్చాడు. ఆగస్టు ఎండలో ఉన్ని చేతితొడుగులు.

ప్రార్థన అయ్యాక సమాధుల పక్కన ఆపింది.

"తాతా, తొడుగులు తియ్యి."

తీశాడు. వేళ్ళు దానిమ్మగింజల్లా ఉన్నాయి.

"నేనే తీశాను. ఒక్క రాయి పగలనిచ్చానా? మూడుసార్లు చెప్పాను, మూడుసార్లు నవ్వావు."

"దెయ్యం కోసం నా పట్టా చెడగొడతావా? నీకు రాని పట్టా నాకొస్తుందనేగా నీ ఏడుపు?"

డెబ్భైనాలుగేళ్ళ మనిషి తొడుగులు మళ్ళీ వేసుకున్నాడు. "కంత ఎందుకో నాకూ తెలీదు. మూయకూడదనే తెలుసు. అయినా నేను తీసింది రెండుసార్లే. జూలైలో మా అక్క ఇంట్లో ఉన్నాను."

అబద్ధమనుకుంది. నాలుగోసారీ కంత లేకుండానే కట్టి, రోజూ పొద్దున్నే వెళ్ళి చూసుకునేది.

సెప్టెంబరు ఏడున బీడు మీద కుండపోత. తెల్లారి వెళ్ళేసరికి గోడ నిండుచూలాలి కడుపులా ముందుకొచ్చింది. వెనక టీ డికాషన్ రంగు నీళ్ళు నడుమెత్తు నిలిచాయి. ఇంకో గంటైతే మొత్తం గోడే పోయేది. ఒక్క క్షణం ఆలోచించలేదు. కంత ఉండాల్సిన చోట పైనుంచి రాళ్ళు దించి, అడుగురాయి గునపంతో పెరికింది. నీళ్ళు హోరుమంటూ మోకాలెత్తున దూకాయి. అవి తగ్గాక చూస్తే కింద పలకరాళ్ళు పరిచిన పాత కాలువ, మఠం నుంచి హాల్ వైపు.

ఆ సాయంత్రమే ఈనక్‌ను పిలుచుకొచ్చింది. క్షమాపణ ఆమె నోట రాలేదు, ఆయన అడగలేదు. ఇద్దరూ కలిసి కంతకు పైకప్పు రాయి ఎత్తారు.

తొమ్మిదిన పరీక్షాధికారి వంగి చూశాడు.

"ప్లానులో లేదే ఇది?"

"ప్లాను గీసినాయన వానలో రాలేదండీ," అంది హెస్టర్.

ఆయన గోడమీదికెక్కి ఆ చివరిదాకా నడిచాడు. ఒక్క రాయి కదల్లేదు. లోయలో పుట్టిన ఆడమనిషికి మాస్టర్ పట్టా రావడం అదే మొదలు.

ఈనక్ అక్కను ఆమె తర్వాత అడిగింది. జూలైలో తమ్ముడు పదహారు రోజులు తన దగ్గరే మంచంలో ఉన్నాడని ఆవిడ ఒట్టేసింది. అక్కాతమ్ముళ్ళు ఒకటే మాట మీదుంటారు కదా అని హెస్టర్ ఇప్పటికీ దాన్ని నమ్మదు. డెరిక్ మీద అనుమానమూ వదల్లేదు. పట్టా రాగానే ఉత్తరాన మరో పాత హాల్ నుంచి పిలుపొచ్చింది. వెళ్తూ వెళ్తూ, జూలై సంగతి తేల్చకుండా ఊరుకోనని చెప్పి మరీ వెళ్ళింది. తిరిగొచ్చేది ఈ అక్టోబరు పద్నాలుగు, శుక్రవారం.