మేనమామ పూచీ

మొన్న గవర్నర్‌పేటలోని నేను ఇదివరకు పనిచేసిన కుటుంబ కౌన్సెలింగ్ ఆఫీసు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, పిల్లని కొట్టిన తండ్రినీ ఆ పిల్లనీ కలిపి కౌన్సెలింగ్‌కి తీసుకోవచ్చో లేదో ఎలా తేల్చుకోవాలండీ అని అడిగింది. ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పొరపడింది సరిగ్గా అక్కడే.

పామర్రు దగ్గర నుంచి ఒక నేత కుటుంబాన్ని స్కూలు టీచరమ్మ మా దగ్గరికి పంపింది. ఎనిమిదేళ్ల పిల్ల, చేతుల మీద వాతలు తేలి ఉన్నాయి. తండ్రి తల వంచుకుని కూర్చుంటే, పిల్ల మేనమామ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి, మాట్లాడవలసిందంతా తనే మాట్లాడి, ఇక మీదట అతను చెయ్యెత్తడని, అందుకు పూచీ తనదని అన్నాడు. మా వైపు పెళ్లి సంబంధమైనా పొలం గట్టు తగాదా అయినా పెద్దవాళ్లు మాటిస్తే తీరిపోయేది. అలాంటి ఇంట్లోనే పెరిగిన నాకు ఆ మాట సంతకం కన్నా గట్టిగా తోచింది. తండ్రీకూతుళ్లకి కలిపి కౌన్సెలింగ్ మొదలుపెట్టవచ్చని రాసేసి, పిల్లని వాళ్లతోనే ఇంటికి పంపించాను.

మర్నాడు పొద్దున మా పెద్ద మేడమ్ ఆ కాగితం చదివి, "మేనమామ చెప్పాడు, సరేనమ్మా. కొట్టినవాడేమన్నాడు?" అని అడిగింది. అతను నోరే విప్పలేదు. కొట్టానని తన నోటితో ఒప్పుకోని మనిషి ఎదురుగా పిల్లని కూర్చోబెడితే, అది చెప్పిన ప్రతి నిజానికీ ఇంటి దగ్గర దెబ్బలు తింటుందని ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. అప్పటికప్పుడు ఇద్దరం వాళ్ల ఊరికి బస్సెక్కాం.

మేం గుమ్మంలో నిలబడినా మగ్గం ఆగలేదు. పిల్లని కొట్టావా అని మేడమ్ అడిగితే అతను తలెత్తకుండానే, "మా బావగారు చెప్పారు గదండీ" అన్నాడు. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి దాని గౌను పైకెత్తి వీపు చూపించింది. టీచరమ్మకి ఎందుకు చెప్పావని, మా దగ్గర నుంచి ఇంటికి చేరగానే కొట్టాడట.

పై అధికారులకి తెలియజేసి పిల్లని అమ్మమ్మ ఇంటికి చేర్చాం, తండ్రిని విడిగా రమ్మన్నాం. "నేనే కొట్టానండీ" అనడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. పిల్ల కూడా సరేనన్న తరువాతే ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టాం.

ఇదంతా ఫోన్‌లో విని ఆ కొత్త అమ్మాయి, ఇప్పుడు ఎవరికీ ఎవరూ పూచీ ఉండడం లేదండీ, ఒంటరిగానే వస్తున్నారు అంది. నాకు దిగులేసింది. పెద్దవాళ్ల మాట మీద ఇళ్లు నిలబడిన రోజులు నేను చూశాను, వాటి మీద మమకారం ఇంకా చావలేదు. కానీ ఆ రోజు అందరి మాటా మర్యాదగా విన్నదాన్ని, ఇంటికి వెళ్లడానికి నీకు భయంగా ఉందా అని ఆ పిల్లని ఒక్క మాట అడగలేదు.