నేను పట్టిన అమెరికా దొంగ

మందమర్రిలో ఒక ఆదివారం పొద్దున పది గంటలకు నా పరువు పోవడం మొదలై, పన్నెండు దాటేసరికి పూర్తిగా పోయింది. ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటే.

అప్పట్లో మా రేకుల టాకీసులో ఆదివారం పొద్దుటి ఆటకు, మ్యాట్నీకి ఒకే పాత ఇంగ్లీషు సినిమా వేసేవారు. తెర పక్కన ఒకడు రేకు గొట్టం నోటికి పెట్టుకుని కథ తెలుగులో చెప్పాలి. ఆ ఒక్కణ్ణి నేనే. మెట్రిక్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పిన సంగతి యజమాని ఖాదర్‌సాబ్ అడగలేదు, నేనూ చెప్పలేదు. పైగా రీళ్లు ఆ పొద్దున్నే రైల్లో వచ్చేవి. సినిమాను నేనూ జనంతోపాటే మొదటిసారి చూసేవాణ్ణి.

ఆ రోజు నా ప్రతాపం చూడటానికి మా బాపు వచ్చాడు. బొగ్గుబాయిలో పని ఆయనది. తోటివాళ్లను పదిమందిని వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుని, “గా చెప్పెటోడు మా పోశమే” అని అందరికీ రెండేసిసార్లు చెప్పాడు.

అదొక నవ్వుల దొంగతనం కథ. అమెరికా బంగ్లాలో ముత్యాలహారం పోయింది. ఇంట్లో సూట్లేసుకున్న తెల్లదొరలు ఆరుగురు, నల్లజాతి నౌకరు ఒక్కడు. అతను కళ్లు గుండ్రంగా తిప్పుతూ గజగజ వణుకుతున్నాడు. నాకింకేం కావాలి?

“గీ నౌకరే దొంగ. మొకం జూస్తనే తెలుస్తలేదా?” అని ప్రకటించేశాను.

ఇక అతన్ని వదిలితే ఒట్టు. పళ్లెం తుడిస్తే హారం దాస్తున్నాడన్నాను. తుమ్మితే ముఠాకు సైగ చేస్తున్నాడన్నాను. టోపీ పెట్టుకున్న ఒక దొరను మాత్రం ధర్మప్రభువని పొగిడాను. చివరి రీల్లో నౌకరు నేల మీది జంబుఖానా కాలికి తట్టుకుని ఆ ధర్మప్రభువు మీద పడ్డాడు. టోపీ ఎగిరింది, అందులోంచి హారం జారింది.

“ఏం పోశం, నీ దొంగ ఏడబోయిండు?” అంటూ హాలంతా ఒకటే నవ్వులు. బాపు నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

“బిడ్డా, గా మొకంల నీకేం గనపడ్డది?”

“నల్లగ...” అని నసిగాను. గొట్టం ఇంకా నోటి దగ్గరే ఉంది కాబట్టి నా నసుగుడు చివరి వరస దాకా వినిపించింది.

“బాయిలకెల్లి ఎక్కినంక నా మొకం ఎట్లుంటది మరి?”

నాకు తల కొట్టేసినట్టయింది. బొగ్గు మసి పట్టిన ఆ ముఖం రోజూ ఇంటికి రావడం చూస్తూ, దాని కష్టం తింటూ పెరిగినవాణ్ణి నేను. అంతలో ఖాదర్‌సాబ్ ఉరికొచ్చాడు.

“నీ నౌకరీ ఖతం. మ్యాట్నీకి రాకు.”

“జర ఆగు సాబ్,” అన్నాడు బాపు. “మ్యాట్నీకి నేను జెప్త. మంచిగుంటేనే పోరన్ని ఉంచుకో.”

మ్యాట్నీలో అదే నౌకరు వణుకుతుంటే, బాపు గొట్టం అందుకుని తాపీగా అన్నాడు: “వణుకుతలేడు, లోపల నవ్వుతుండు. దొంగెవడో గీయనకు ఎప్పుడో ఎరుక. జెప్తే వినెటోడు లేడు.” చివర్లో నౌకరు పడినప్పుడు, “జారి పడలే, కావాలని పడ్డడు” అన్నాడు. జనం లేచి ఈలలు వేశారు. పొద్దుటి ఆటలో భయపడే బొమ్మగా కనిపించినవాడు అందరికీ తమవాడైపోయాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గర్వంతోనే.

నా నౌకరీ నిలిచింది. తర్వాత ఎన్నో ఆదివారాలు బాపు కథ చెప్పాడు, నేను గొట్టం తుడిచి అందించాను.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రంగు చూసి ఎవరినీ దొంగ అనను. మా బాపు ముందు వరసలో ఉంటే, చివరి రీల్లో హారంతో దొరికినవాణ్ణి కూడా అనను.