మా నాయనమ్మ ప్రార్థించిన రాజు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ప్రతి వేకువనా ఒక రాజు కోసం ప్రార్థన చేసేది. సముద్రాలకు అవతల, మా ఊళ్లో ఎవరూ చూడని ఒక చిన్న దేశపు రాజు ఆయన. ఆమె పెళ్లయిన కొత్తలో మా చర్చి గుడిలో ప్రార్థన కూటాలు జరిగితే, బయటినుంచి వచ్చిన ఒక బోధకుడు ఆ దేశం గురించి చెప్పి, అక్కడి రాజు దయగలవాడనీ, ఆయన కోసం ప్రార్థించమనీ కోరి వెళ్లాడట. విన్నవాళ్లందరూ ఇళ్లకు వెళ్లి మర్చిపోయారు. మా నాయనమ్మ మర్చిపోలేదు.

మాది ఉయ్యూరు దగ్గర పల్లె. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి తిరిగితే బెల్లప్పాకం లాంటి వాసన మంచుతో కలిసి ఇంట్లోకి వచ్చేది. ఆ వాసనలో, దుప్పటి కింద, సగం నిద్రలో నేను ఆమె ప్రార్థన వినేదాన్ని. ముందు ఇంటివాళ్ల పేర్లు, తర్వాత పాస్టరు అయ్యగారి కుటుంబం, తర్వాత మా గేదె, ఆ తర్వాత రాజు. ఆయనకు ఆయుష్షు దయచెయ్యమని అడిగేది. అలా వింటూ మళ్లీ నిద్రలోకి జారితే, ఆయన తెల్ల గుర్రం మీద మా కాలువ గట్టునే వచ్చేవాడు. మా నాయనమ్మను చూసి దిగి, దండం పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న నన్ను ఉయ్యూరు లైబ్రరీలో చేర్పించాడు. దేశదేశాల గురించి రాసిన ఒక లావుపాటి పుస్తకంలో మా రాజుగారి దేశం దొరికింది. ఆయన్ని జనం గద్దె దించి చాలా కాలమైందట. పరాయిచోట చనిపోయాడు కూడా. ఇప్పుడక్కడ ఎన్నికలు జరుగుతున్నాయట. చదివి నాకు బాధ కలగలేదు. పెద్దవాళ్లకు తెలియనిది నాకు తెలిసిందని గర్వం కలిగింది. ఇంట్లో చెవిలో చెప్పవలసిన మాటను, బుధవారం స్త్రీల కూటంలో నాయనమ్మ రాజు ఊసెత్తగానే, లేచి నిలబడి చెప్పాను.

మా ఎదురింటి పెద్దమ్మ, “అయితే పిన్నీ, ఇన్నేళ్లూ పోయినాయనకా ఆయుష్షు అడిగావు?” అంది. చాపల మీద ఆ చివరి దాకా నవ్వు పాకింది. పాస్టరమ్మగారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాయనమ్మ కూడా నవ్వింది, కానీ అందరికన్నా ఆలస్యంగా.

మర్నాడు వేకువన ఇంటివాళ్లు, అయ్యగారు, గేదె అయ్యాక ఆమె ఆగింది. కాసేపటికి ఆమేన్ అని లేచింది. ఆ మర్నాడూ అంతే. రాజు ఉండే చోట ఇప్పుడు ఏమీ లేదు. దుప్పటి చెవుల మీదికి లాక్కున్నా ఆ ఖాళీ నాకు వినబడుతూనే ఉండేది. ఏళ్ల తరబడి వెలుగుతున్న దాన్ని ఒక్క మాటతో ఊదేశానని భయమేసింది. ఇక ఆమె బయటివాళ్లెవరి కోసమూ దేవుణ్ణి అడగదేమో అనుకున్నాను.

నాలుగో రోజు చింతపండు గింజలు తీస్తూ, “ఏమే, ఆ పుస్తకం పట్రా. రాజు పోతే పోయాడు, జనం ఉంటారుగా” అంది.

ఆమెకు చదువు రాదు. బైబిలు వాక్యం మాత్రం అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చు, అంతా గుడిలో విని నేర్చినదే. అందుకేనేమో ఏం చదివి వినిపించినా ఎదుట మనిషి మాట్లాడుతున్నట్టే విని, మధ్యలో అడ్డుపడేది. రాజు తవ్వించిన పెద్ద కాలువ గురించి నేను చదువుతుంటే, “శివారు ఎవరిది?” అని అడిగింది.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఆ ప్రశ్న బరువు తెలుసు. కాలువ మొదట్లో ఉన్న చేలకు అడగకుండానే నీళ్లు పారతాయి. చివర ఉన్న శివారు చేలకు, అందరూ వాడుకోగా మిగిలితే వస్తాయి. మా ముప్పావు ఎకరం శివారులోనే ఉండేది. పుస్తకమంతా వెతికినా శివారు మాట లేదు. “అయితే ఇది రాసినాయన ఎగువన కూర్చుని రాశాడు. ఇంకోటి తే” అంది.

ఇంకోటి తెచ్చాను. అది రాజును దించినవాళ్లు రాసుకున్నది. మొదటి పుస్తకంలో దేవుడైనవాడు ఇందులో దెయ్యం. కొత్త ప్రభుత్వం తవ్వించిన కాలువల పేర్లు రెండు పేజీలున్నాయి, శివారు మాత్రం లేదు. “వీళ్లూ ఎగువనే కూర్చున్నారే” అని నాయనమ్మ ఈసారి హాయిగా నవ్వింది. ఏది నమ్మాలో తెలియక నేను తికమకపడుతుంటే, రెండూ నమ్మొద్దు, రెండూ పారెయ్యొద్దు అంది. పొట్లాట సంగతి ఇద్దరి నోటా వింటేనే కాస్త తెలుస్తుందట.

మూడోది లైబ్రేరియన్ గారు వెతికి ఇచ్చిన పల్చటి పుస్తకం. ఆ దేశంలో కొన్నాళ్లు పనిచేసిన ఒక నర్సు రాసుకున్న సంగతులు. అందులో ఒకచోట, నీటి వంతు కోసం పొద్దుటి నుంచీ గట్టు మీద కూర్చున్న ఒక ఆడమనిషి ఉంది. పై చేలవాళ్లు తమ చేలోకి నీళ్లు మళ్లించుకున్న మడవ మూసేదాకా ఆమె చేలోకి నీళ్లు రావు. వాళ్లది పెద్ద తెగ, ఈమెది కాదు. అందుకని వెళ్లి అడగదు, కూర్చునే ఉంటుంది. రాజులూ ఎన్నికలూ తెగలూ అని నేను విడివిడిగా చదివినవన్నీ ఆ గట్టు దగ్గర ఒక్కటయ్యాయి.

గింజలు తీస్తున్న నాయనమ్మ చేతులు ఆగిపోయాయి. “ఆమె పేరేంటంట?”

రాయలేదన్నాను.

మర్నాడు వేకువన గేదె తర్వాత ఆమె ఆగలేదు. “గట్టు మీద కూర్చున్నామెకి నీళ్లు అందించు తండ్రీ. నాకు పేరు తెలవదు, నీకు తెలుసు” అంది. నేను లేచి వెళ్లి ఆమె పక్కన మోకరించాను. మరి రాజు కోసం చేసిందంతా వృథాయేనా అని మెల్లగా అడిగాను. “నేను తెలియక అడిగాను. దేవుడు తెలిసే విన్నాడు. ఎవరికి చేర్చాడో ఆయనకే ఎరుక” అంది.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఆ తర్వాత మా గురించి, ఈ డెల్టా క్రైస్తవుల గురించి రాసిన పుస్తకాలు కూడా చదివాను. కొన్ని మమ్మల్ని పరాయివాళ్లన్నాయి, కొన్ని పరిశుద్ధులన్నాయి. చింతపండు గింజలు తీస్తూ ఒక దేశాన్ని ప్రశ్నించిన మనిషి ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అయినా చదవడం మానలేదు. ఏ దేశం గురించి చదివినా, పేరు లేని ఒక్క మనిషైనా కనబడేదాకా ఇంకో పుస్తకం అడుగుతూనే ఉంటాను. కనబడిన రోజున పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లు సహకరించవు గనక, కుర్చీలోనే తల వంచుతాను.